నడుస్తూ చదివే సెమిస్టర్ మన దగ్గర కుదురుతుందా?

“మేడమ్, ఇది టూరా, మొక్కుబడా, క్లాసా? ఏదో ఒకటి చెప్పుండ్రి, అప్పుడు సంతకం పెడ్త.”

హనుమకొండలో మా విద్యార్థిని తండ్రి ఒకాయన సమ్మతి పత్రం చేత పట్టుకుని అడిగిన మాట ఇది. మూడు రోజుల నడక కోసం పిల్లలతో ఇళ్లకు పంపిన కాగితం అది. ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి పల్లెల మీదుగా రామప్ప దాకా కాలినడక, రెండు రాత్రులు బడి వరండాల్లో పడక. మేడారం జాతరకు పోవడం ఆయనకు తెలుసు. శివరాత్రికి కాళేశ్వరం పోవడం తెలుసు. కాలేజీ పిల్లలు బస్సు మాట్లాడుకుని హైదరాబాద్ చూసి రావడమూ తెలుసు. ఇది వాటిలో దేనికిందికీ రాలేదు. “క్లాసే అండీ” అన్నాను, ఆయన సంతకం పెట్టారు. ఆ జవాబు మాత్రం నాకే సరిపోలేదు.

మూడు రోజులకే ఇంత సందేహం వస్తే, ఒక సెమిస్టర్ మొత్తం బయటే గడిపే చదువు సంగతేంటి? అమెరికాలో కొన్ని క్రైస్తవ కాలేజీలు ఇలాంటివి చాలాకాలంగా నడుపుతున్నాయి. పిల్లలు వారాల తరబడి కొండల్లో నడుస్తారు, డేరాల్లో పడుకుంటారు, పొద్దున బైబిలు వాక్యం చదువుతారు, పర్యావరణం, వేదాంతం, నాయకత్వం లాంటి పేపర్లు పూర్తి చేసి క్రెడిట్లతో తిరిగొస్తారు. అదే పని మన వరంగల్, ములుగు, ఆదిలాబాద్ వైపు ఒక మత సంస్థ నడిపే కాలేజీ చేయాలనుకుంటే ఏది అడ్డొస్తుంది, ఏది కలిసొస్తుంది? కొన్నేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నాకు అర్థమైనంతలో నిబంధనలు పెద్ద అడ్డేమీ కావు. చిక్కంతా ఆ తండ్రి వేలు పెట్టిన చోటే ఉంది. టూరుకు, మొక్కుకు, క్లాసుకు చట్టం వేరు, డబ్బు వేరు, బాధ్యత వేరు. మూడింటినీ ఒకే సంచిలో వేసి మూతి కడితే ఎవరికీ ఏదీ అందదు.

ఈ ఆలోచన ఎక్కడిది

బయటి ప్రకృతిని తరగతి గదిగా వాడుకునే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. 1941లో వేల్స్ తీరంలోని అబర్‌డవీ అనే ఊళ్లో కర్ట్ హాన్ అనే విద్యావేత్త, లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని కలిసి ఔట్‌వర్డ్ బౌండ్ మొదలుపెట్టారు. యుద్ధంలో ఓడ మునిగితే సముద్రంలో నిలదొక్కుకునే సత్తా కుర్ర నావికులకు నేర్పాలన్నది అప్పటి అవసరం. 1965లో అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో పాల్ పెట్జోల్ట్ అనే పర్వతారోహకుడు నేషనల్ ఔట్‌డోర్ లీడర్‌షిప్ స్కూల్ పెట్టారు. అక్కడ వారాల తరబడి సాగే యాత్రే పాఠం. వీటితో పాటు చర్చి కాలేజీలూ ఈ దారి పట్టాయి. ఇల్లినాయ్‌లోని వీటన్ కాలేజీకి విస్కాన్సిన్ ఉత్తరాన అడవుల్లో హనీరాక్ అనే శిబిరం 1951 నుంచి ఉంది.

వాళ్లకు ఎడారి, అడవి అంటే విహారం కాదు. ఇశ్రాయేలీయులు 40 ఏళ్లు అరణ్యంలో తిరిగారు, యేసు 40 రోజులు అరణ్యంలో ఉపవాసం ఉన్నాడు. అందుకే ఆ సెమిస్టర్లలో విద్యార్థిని ఒకటి రెండు రోజులు ఒంటరిగా వదిలే ‘సోలో’ అనే ఘట్టం చాలాచోట్ల కనిపిస్తుంది. చేతిలో పుస్తకం, నోట్‌బుక్, నీళ్లు, అంతే.

ఇక్కడే మనం ఆగి చూసుకోవాలి. అమెరికా 1964లో చేసిన వైల్డర్‌నెస్ చట్టం ఆ అడవిని నిర్వచించేటప్పుడు, మనిషి అక్కడ చుట్టపుచూపుగా వచ్చిపోయేవాడే తప్ప ఉండిపోయేవాడు కాదని రాసుకుంది. మన తాడ్వాయి అడవికో, ఉట్నూరు కొండలకో ఆ నిర్వచనం అతకదు. ఇక్కడి అడవిలో ఊళ్లున్నాయి. కోయలు, గోండులు, కొలాములు, నాయక్‌పోడులు ఉన్నారు. వేసవి మొదట్లో ఇప్పపువ్వు ఏరుతారు, తర్వాత తునికాకు కోస్తారు. ఆ నేల మీద వాళ్ల హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. కాబట్టి ఆ అమెరికా కాలేజీల తీరులో ‘ఏకాంతం కోసం అడవికి’ అని ఒక కాలేజీ ప్రకటన వేస్తే, ఇంకొకరి ఇంటి పెరట్లో ఏకాంతం వెతుక్కున్నట్టే. మన దగ్గర విద్యార్థి అడవికి పోవడమంటే ఒకరి ఇంటికి పోవడం. పాఠ్యక్రమం అంతా ఆ ఎరుక మీద నిలబడాలి.

నడక మన దగ్గర కొత్తది కాదు

ఈ ప్రాంతపు విశ్వాసాల్లో నడక ఎంత లోతుగా ఉందో పిల్లలకు చెప్పబోతే నాకే ఆశ్చర్యమేస్తుంది. పాలకుర్తి మన జనగామ జిల్లాలో ఉంది. ఆ ఊరి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరుతో శ్రీశైలం యాత్రకు పోయే జనం గురించే రాశాడు. వాళ్లు దారిలో పాడుకునే తుమ్మెద పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాల పేర్లు ఆయన వల్లే మనదాకా వచ్చాయి. శివభక్తుల్లో జంగమ అన్న మాటకు అర్థమే తిరిగేవాడని. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్తూపం కట్టుకున్న బౌద్ధులకు భిక్షువు ఊరూరా తిరగడం నియమం, వానాకాలం మూడు నెలలు ఒకచోట ఆగడం కూడా నియమమే. డోర్నకల్ బిషప్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన తన డయోసిస్‌లోని, అంటే బిషప్‌గా తన పరిధిలోని పల్లెల్ని ఎడ్లబండి మీద తిరిగి చూసుకునేవారు. 1939లో డోర్నకల్‌లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కేథడ్రల్‌ను చూస్తే ఆ తిరుగుడు రాతిలో కనిపిస్తుంది. గుడి, మసీదు, చర్చి మూడింటి పోకడలూ ఆ ఒక్క కట్టడంలో ఉన్నాయి.

వీటన్నిటిలో నాకు బాగా దగ్గరగా అనిపించేది గోండుల్లోని మెస్రం వంశస్తుల నడక. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర మొదలవుతుంది. అంతకుముందే మెస్రం గోండులు చెప్పులు లేకుండా జన్నారం వైపు గోదావరిలోని హస్తినమడుగు దాకా నడిచి, ఝరి అనే పాత్రలో నీళ్లు పట్టుకుని, మళ్లీ నడిచే వెనక్కి వస్తారు. ఆ నీళ్లతోనే నాగోబాకు పూజ. కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయించుకుంటారు. తిరిగొచ్చాక మర్రిచెట్ల కింద విడిది. ఏ కుటుంబం ఎక్కడ దిగాలో, ఎవరు ముందు నడవాలో, ఎవరు ఝరి మోయాలో అన్నీ లెక్క ప్రకారమే. పెళ్లయి వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా అప్పుడే. చరిత్ర, బంధుత్వాలు, భూగోళం, నీళ్ల సంగతి, చేతిపనుల మీద బతికే కులాల లెక్క అన్నీ ఆ ఒక్క నడకలో దొరుకుతాయి. ఒక విద్యార్థి వాళ్ల వెనకాల గౌరవంగా, వాళ్లు ఒప్పుకున్నంత దూరం నడిచి, చూసింది చూసినట్టు రాసుకుంటే మానవశాస్త్రం తొలి పాఠం అయిపోయినట్టే.

జాతరలో దర్బార్ పెట్టడం, అంటే అధికారులు వచ్చి గిరిజనుల గోడు వినడం, 1942లో మొదలైంది. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక గోండుల గోడు ఏమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది, దర్బార్ ఆయన చొరవతో వచ్చింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్యే ఉన్నాడు. అక్కడే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే కేంద్రం నడిచింది. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. నేను పిల్లలకు చెప్పేది ఒకటే, చూసి రావడం వేరు, ఉండి నేర్చుకోవడం వేరు, ఆ తేడా తెలియాలంటే మార్లవాయి పోయి రండి అని.

ఎవరి విశ్వాసం, ఎవరి సమ్మతి

ఇప్పుడు అసలు ముడి. మత సంస్థ నడిపే కాలేజీ తన విశ్వాసాన్ని పాఠంలో ఎంతవరకు పెట్టొచ్చు?

రాజ్యాంగం 30వ అధికరణం మత, భాషా మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. దానికి రెండడుగుల ముందే 28వ అధికరణం ఉంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధ కూడదని దాని మొదటి భాగం. మన చర్చకు కీలకం మూడో భాగం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ, ప్రభుత్వ సాయం అందుకునే సంస్థలో గానీ చదివే ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధకు, ప్రార్థనకు రమ్మని కట్టడి చేయకూడదు. మైనరైతే సంరక్షకుడి సమ్మతి కావాలి. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ప్రతి డిగ్రీ కాలేజీకీ గుర్తింపు ఉంటుంది కాబట్టి ఇది అందరికీ వర్తిస్తుంది.

మరి మతం గురించి చదవడం? అది మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1971లో డీఏవీ కాలేజీ కేసులో, గురునానక్ జీవితం, బోధనల మీద విశ్వవిద్యాలయం అధ్యయనం పెట్టినంత మాత్రాన అది మతబోధ కాదంది. 2002లో అరుణా రాయ్ కేసులో కూడా మతాల గురించి నేర్పడానికీ మతాచారం నేర్పడానికీ మధ్య గీత గీసింది. అంటే రామప్ప గుడి ముందు శైవం గురించి పాఠం చెప్పొచ్చు, కాజీపేట దర్గాలో సూఫీ సంప్రదాయం గురించి చెప్పొచ్చు, డోర్నకల్‌లో క్రైస్తవం గురించి చెప్పొచ్చు. అభిషేకానికి కూర్చో, చాదర్ పట్టుకో, ప్రార్థనకు మోకరిల్లు అని మాత్రం అనకూడదు. కావాలనుకున్నవాళ్లు కూర్చోవచ్చు, అది వాళ్ల ఇష్టం.

వినడానికి తేలిగ్గా ఉంటుంది. క్యాంపులో అంత తేలిక కాదు. కాలేజీలో ప్రార్థనకు రానివాళ్లు లైబ్రరీలోకి పోతారు, ఎవరూ పట్టించుకోరు. అడవి అంచున పన్నెండు మంది ఉన్న డేరాల దగ్గర, పొద్దున ఆరింటికి పదకొండు మంది గుండ్రంగా కూర్చుని పాడుతుంటే, ఆ పన్నెండో పిల్ల ఎటు పోతుంది? ఆ పాట ఎత్తుకున్న సారే సాయంత్రం మార్కులు వేస్తాడు. ఆయన ఒక్క మాట అనకపోయినా ఆ పిల్ల మీద బరువు పడినట్టే. కాగితం మీద ఉన్న సమ్మతి అక్కడ పనిచేయదు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడలేను. ఏ మతం కాలేజీ అయినా సరే, ఈ బరువును ముందే లెక్కలోకి తీసుకోకుండా సెమిస్టర్ మొదలుపెడితే తన విశ్వాసాన్నే చిన్నబుచ్చినట్టు.

దారి లేకపోలేదు. పొద్దున గంటను అందరికీ మౌనంగా ఉండే గంటగా పెట్టాలి. ఎవరికి వారు విడివిడిగా కూర్చుంటారు. రాసుకునేవాళ్లు రాసుకుంటారు, జపం చేసుకునేవాళ్లు చేసుకుంటారు, నమాజుకు నిలబడేవాళ్లు నిలబడతారు, ఊరికే పిట్టల్ని చూసేవాళ్లు చూస్తారు. కలిసి చేసే ఆరాధన ఉంటే వేరే చోట, వేరే వేళ, హాజరు పట్టీకి బయట. ఆరాధన నడిపే మనిషి మార్కులు వేయకూడదు. ఇక సమ్మతి పత్రం సంగతి. డిగ్రీ పిల్లల్లో చాలామందికి 18 నిండి ఉంటాయి. 28వ అధికరణం అడిగే సమ్మతి వాళ్లది. నేను ఆ తండ్రికి ఇచ్చిన కాగితంలో తండ్రి సంతకానికే గీత ఉంది, ఆ పిల్ల సంతకానికి చోటే లేదు. ఆ కాగితం రాసింది నేనే. తర్వాత మార్చాను. తల్లిదండ్రుల సంతకం ప్రయాణానికి, విద్యార్థి సంతకం ప్రార్థనకు సంబంధించిన ప్రతి అంశానికీ విడివిడిగా, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుతో.

మతం గురించి చదవడం ఎలా ఉంటుందో చెప్పడానికి మా హనుమకొండ పద్మాక్షి గుట్ట చాలు. మెట్లెక్కి పోతే అమ్మవారి గుడి. లోపల రాతిలో చెక్కిన బొమ్మలు జైన తీర్థంకరులవి, వాటికి ఇప్పుడు రంగులు వేసి ఉన్నాయి. 1117 నాటి శాసనం ప్రకారం రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించింది. గుట్ట కింది గుండంలో సద్దుల బతుకమ్మ నాడు వేల మంది ఆడవాళ్లు బతుకమ్మల్ని వదులుతారు. ఒకసారి నేను పిల్లలకు ఒకే పని ఇచ్చాను, ఒక గంట కూర్చుని ఎవరొచ్చారో, చేతిలో ఏం తెచ్చారో, ఎక్కడ చేతులు జోడించారో రాయమని. ఒక ముసలమ్మ ముందు అమ్మవారికి దండం పెట్టి, పక్కకు జరిగి రాతిలోని పార్శ్వనాథుడి కాళ్ల దగ్గర కూడా పసుపు బొట్టు పెట్టింది. “ఆయనెవరు అవ్వా?” అని మా విద్యార్థి అడిగితే, “ఈడ ముందట్నుంచి ఉన్నాయన బిడ్డా” అంది. ఆ గుట్ట జైనులదా మనదా అని అంతసేపూ వాదించుకున్న ఇద్దరు పిల్లలు ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ రోజు నేను వేరే పాఠం చెప్పలేదు.

క్రెడిట్ల లెక్క

“సిలబస్ ఒప్పుకోదు మేడమ్” అని చాలామంది అంటారు. లెక్క వేసి చూద్దాం. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చిన డిగ్రీ పాఠ్యక్రమ చట్రం ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు సుమారు 20. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అంకెలు కొంత తేడాగా ఉంటాయి, తీరు మాత్రం ఇదే. ఉపన్యాసమైతే 15 గంటలకు ఒక క్రెడిట్, క్షేత్ర పని లాంటిదైతే 30 గంటలకు ఒకటి.

ఇరవైలో మేజర్ పేపర్లను, అంటే ప్రధాన సబ్జెక్టువి, వదులుకోలేం. బీకాం పిల్ల అకౌంటెన్సీ మానేసి అడవికి రాలేదు. అయితే 2021 నాటి యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వపు ‘స్వయం’ అనే వేదిక మీద ఆన్‌లైన్‌లో చేసుకోనిస్తాయి. అంటే 8 క్రెడిట్లు అటు పోతాయి. మిగతా 12 ఎక్కడివి? అదే చట్రంలో బహుళశాస్త్ర కోర్సుకు 3, నైపుణ్య కోర్సుకు 3, భాషా సామర్థ్యానికి 2, విలువల కోర్సుకు 2, ఇంటర్న్‌షిప్‌కు 2 ఉన్నాయి. కూడితే సరిగ్గా 12. స్థానిక విశ్వాసాల చరిత్ర బహుళశాస్త్రం కిందికి, క్షేత్ర పటాలు గీయడం, ప్రథమ చికిత్స నైపుణ్యం కిందికి, తెలుగులో క్షేత్ర దినచర్య రాయడం భాష కిందికి, పర్యావరణం విలువల కిందికి, ఒక పల్లెలో రెండు వారాల పని ఇంటర్న్‌షిప్ కిందికి వస్తాయి.

12 క్రెడిట్లకు 30 చొప్పున 360 గంటలు. సెమిస్టర్ 15 వారాలు. తాడ్వాయి అడవిలో ఆన్‌లైన్ పాఠాలను నమ్ముకోలేం కనుక రెండు వారాలు బయట, ఒక వారం ఇంటిపట్టున అనుకుంటే, బయట గడిపేవి 10 వారాలు. వారానికి 36 గంటలు, అంటే రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు రోజులు. నడక, రాత, చర్చ కలిపి ఇది మామూలు కాలేజీ రోజంత పనే. మూడు వారాలకోసారి పిల్లలు ఇంటికి వస్తారు, తల్లిదండ్రులు కళ్లారా చూసుకుంటారు.

అడ్డు ఒకచోట ఉంది. అనుబంధ కాలేజీ తనంతట తాను కొత్త పేపరు పెట్టలేదు, కాకతీయ విశ్వవిద్యాలయం సిలబస్ ఏది ఇస్తే అదే. అటానమస్ కాలేజీకి సిలబస్ తేల్చే సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ ఉంటాయి, అవి ఆమోదిస్తే చాలు. కాబట్టి ఈ పని అటానమస్ కాలేజీలో మొదలవ్వాలి. ఆ క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఉమ్మడి ఖాతాలో విద్యార్థి పేరు మీద జమ అవుతాయి కనుక వేరే కాలేజీ పిల్లలకూ దారి ఉంటుంది.

ఇంకోటి, పేద పిల్లలకు ప్రాణమంత ముఖ్యమైనది. ఫీ రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు చూపాలి. అడవిలో ఉన్న పది వారాలను కాలేజీ హాజరు పట్టీలో ఎలా చూపుతారో ముందే రాతపూర్వకంగా తేల్చుకోకపోతే, స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లలు ఈ సెమిస్టర్ ఎంచుకోరు. అప్పుడిది ఉన్నవాళ్ల పిల్లల విహారం అయిపోతుంది. నాకు దీనంత భయం ఇంకోటి లేదు.

ఎప్పుడు, ఎక్కడ, ఎంత జాగ్రత్తగా

కాలం విషయంలో పాతవాళ్ల మాటే వినాలి. బౌద్ధులు, జైనులు, సన్యాసులు అందరూ వానాకాలం ఒకచోట ఆగారు. వాగులు పొంగుతాయి, ఏజెన్సీలో మలేరియా ఎక్కువవుతుంది. మన లెక్కలో డిసెంబరులో మొదలై ఏప్రిల్ లోపు ముగిసే సెమిస్టరే తగినది. ఏప్రిల్ వచ్చిందంటే రామగుండం వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి మార్చి మధ్య నుంచి నడక పొద్దున పదింటికే ఆపేయాలి.

ఆ కాలానికి ఇంకో లాభం ఉంది. 2026 సంగతే చూడండి. నాగోబా జాతర జనవరి 18న, మేడారం జాతర జనవరి 28 నుంచి 31 దాకా, శివరాత్రి ఫిబ్రవరి 15న. ఈస్టర్‌కు ముందు వచ్చే క్రైస్తవుల శ్రమదినాలు (లెంట్) ఫిబ్రవరి 18న మొదలైతే, రంజాన్ ఉపవాసాలు మన దేశంలో ఆ మర్నాడే మొదలయ్యాయి. ఒకే డేరాల వరసలో ఒకరు తెల్లవారకముందు తినే సహర్‌కు లేస్తే, ఇంకొకరు శ్రమదినాల ఉపవాసంలో ఉంటారు. ఉపవాసం ఉన్నవాళ్లతో ఎండలో ఎంత దూరం నడిపించాలి, వంట ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది అధ్యాపకుడు ముందే ఆలోచించి పెట్టుకోవాలి. వండిపెట్టే వంతు తిరుగుతూ ఉంటే, మూడింటికి లేచి ఇంకొకరి కోసం పొయ్యి వెలిగించడం ఒక పాఠమవుతుంది.

మేడారానికి రెండేళ్లకోసారి లక్షలాది మంది వస్తారు. జాతర నాలుగు రోజుల్లో విద్యార్థుల గుంపును అక్కడ దించడం నా మటుకు నాకు ఇష్టం ఉండదు. జాతరకు ముందో తర్వాతో పోతే కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చే దారులు చూడొచ్చు, జంపన్నవాగు ఒడ్డున కూర్చుని మాట్లాడొచ్చు. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు, నిలువెత్తు బంగారం తూకం వేసి ఇస్తారు. కోళ్లు, మేకలు కోస్తారు. ఇంట్లో మాంసం చూడని పిల్లలు గుంపులో ఉండొచ్చు. వాళ్లు ముఖం చిట్లించకుండా ఉండడం, అదే సమయంలో వాళ్లను ఎవరూ తినమని అడక్కుండా ఉండడం, రెండూ ముందు రోజు రాత్రి చెప్పుకోవాల్సిన మాటలు.

అడవికి చట్టం ఉంది. ఏటూరునాగారం అభయారణ్యంలోకి, కవ్వాల్ పులుల అభయారణ్యంలోకి ఊరికే నడిచిపోవడం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రవేశాన్ని కట్టడి చేస్తుంది, 28వ సెక్షన్ కింద అధ్యయనం, పరిశోధన, పర్యటన లాంటి పనులకు అనుమతి ఇస్తారు. నిప్పు పెట్టడాన్ని అదే చట్టం 30వ సెక్షన్ నిషేధిస్తుంది. ఇది మాటవరసకు చెప్పేది కాదు. ఫిబ్రవరి నుంచి టేకు ఆకు రాలి నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. చలిమంట చుట్టూ పాటలు అన్న ఊహను ఇంటి దగ్గరే వదిలేసి రావాలి. వంట ఊళ్లోనే, గ్యాస్ పొయ్యి మీద.

నీటి గురించి చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. నది ఒక్కసారిగా ఎలా పెరుగుతుందో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలుసు, వచ్చినవాళ్లకు తెలియదు. మన గోదావరి మీద మేడిగడ్డ దగ్గర, తుపాకులగూడెం దగ్గర బ్యారేజీలు ఉన్నాయి. నదిలో దిగే ముందు ఆ ఊరి పడవ మనిషిని అడగకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు. పాము కాటుకు విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉందో, అక్కడికి బండి మీద ఎన్ని నిమిషాలో ప్రతి బస దగ్గరా ముందే కాగితం మీద రాసి ఉండాలి. కట్టు కట్టి, మంత్రం వేయించి, తర్వాత చూద్దామనే ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులు అడిగేవి మూడే: పడుకునేది ఎక్కడ, స్నానం ఎక్కడ, తోడు ఎవరు. మహిళా అధ్యాపకురాలు లేకుండా ఈ సెమిస్టర్ ఊసే ఎత్తకూడదు. నెలసరి రోజుల్లో కొన్ని గుళ్లలోకి రావద్దంటారు. ఆ రోజు పాఠం గుడి లోపల పెడితే ఆ పిల్ల తన శరీరం సంగతి అందరికీ చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే గుడికి సంబంధించిన పాఠమేదైనా నేను బయటే, గోడ పక్కనే చెబుతాను. రామప్ప విషయంలో అది ఇబ్బందే కాదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి నల్లరాతి మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, బయటే ఉన్నాయి. నీటిలో తేలేంత తేలికైన ఇటుకల శిఖరం గురించి, పునాదిలో నింపిన ఇసుక గురించి చెట్టు కింద కూర్చునే చెప్పొచ్చు.

చెప్పినవాళ్లకు ఏమిస్తాం

ఇక గురువుల సంగతి. ఆ మూడు రోజుల నడకలో మాతో తాడ్వాయి కోయ పెద్దాయన ఒకరు రోజంతా నడిచారు. ఏ ఆకు ఎండాక ఏ వాసన వేస్తుందో, ఏ చెట్టు కింద ఎందుకు పడుకోకూడదో, ఏ గట్టున ఏ వేల్పు ఉందో, అక్కడ చెప్పులు ఎందుకు విప్పాలో చెప్పారు. పిల్లల నోట్‌బుక్కులన్నీ ఆయన మాటలతోనే నిండాయి. తిరిగొచ్చాక ఆయనకు అతిథి ఉపన్యాసకుడి గౌరవ వేతనం ఇప్పించాలని వౌచర్ పెట్టాను. ‘విద్యార్హత’ గడి ఖాళీగా ఉందని కాలేజీ ఆఫీసు వెనక్కి పంపింది. కూలీ పద్దు కింద మార్చి పెట్టమన్నారు. నాకు మనసొప్పలేదు, నా డబ్బులే ఇచ్చాను. అలా ఇవ్వడం కూడా సరికాదని ఇప్పుడు తెలుసు. ఆయన పాఠం కాలేజీ పాఠంగా పద్దుల్లోకి ఎక్కలేదు, నా చేతి దానంలా మిగిలిపోయింది.

అందుకే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టడానికి రాసుకున్న చిత్తుప్రతిలో మొదటి పేజీ పాఠ్యాంశాలది కాదు. అందులో స్థానిక గురువుల పట్టిక ఉంది: ఝరి మోసే వంశం పెద్ద, సిరికొండ కుమ్మరి, పడవ మనిషి, దర్గా సేవ చూసుకునే ఖాదిం, డోర్నకల్ పాస్టరు, చెట్ల పేర్లు చెప్పే కోయ పెద్ద. గంటకు ఇచ్చేది అధ్యాపకుడికి ఎంతో వాళ్లకూ అంతే. ‘విద్యార్హత’ అన్న గడిని కొట్టేసి, ‘ఏ విషయం చెబుతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు’ అని రాశాను. ఆ కోయ పెద్దాయన గడిలో ఏం రాయాలో అడగడానికి మళ్లీ తాడ్వాయి పోయాను. “మా నాయిన దగ్గర, మా మామ దగ్గర” అన్నారు. అలాగే రాశాను.